ముగ్గురు తెరవాల్సిన రాయి

బట్టీ వెనకాల ఇల్లు,
ఎండలు ముదరకముందు

బామ్మర్దికి,

ముందుగా నా చేతిరాత చూసి తిట్టుకోకు. ఎప్పుడూ బాగుండేది కాదు, ఇప్పుడు మరీ కోడి గెలికినట్టుంది. పెన్ను మంచిది కాదు. బల్లకి కూడా ఒక కాలు పొట్టి. తప్పులుంటే నువ్వే దిద్దుకుని చదువుకో. నేను చదివింది ఊరి బడిలో ఐదో తరగతి. నువ్వు బోర్డుల మీద అక్షరాలు రాసి బతికినవాడివి. నీకు ఉత్తరం రాయాలంటే సిగ్గుగానే ఉంటుంది.

నేను బాగున్నాను. నువ్వూ బాగుండాలి.

చెప్పడానికి పెద్దగా ఏం లేదు. మీ అక్క కిటికీలో పెట్టిన గుండ్రాయి అలాగే ఉంది. ఆవిడ పోయాక దాన్ని జరపలేదు. దుమ్ము తుడిచినా దాని చుట్టూ తుడుస్తాను. క్వారీ నుంచి తెచ్చిన రోజు ఆవిడ దాన్ని చేతుల్లో అటూ ఇటూ తిప్పి, "దీంట్లో ఒకటుంది. నిద్రపోతోంది" అంది. తమ్ముడొచ్చాక తెరుద్దాం అంది. ఆ మాట నీకూ రాసిందట.

మన పద్ధతి నీకు తెలుసు. ఒకరు పట్టుకోవాలి, ఒకరు కొట్టాలి, ఒకరు ముందు చూడాలి. పట్టుకోవడం నువ్వు, కొట్టడం నేను, చూడటం ఆవిడ. అరల్లో ఉన్న చుట్టరాళ్ళన్నీ, నత్తల్లా చుట్టుకున్న పాతకాలపు సముద్రపు జీవులు రాయైపోయినవన్నీ, అలాగే తెరిచాం. ఇదొక్కటే మిగిలింది.

క్వారీ మూసేశారు. నీళ్ళు తోడే మోటార్లు ఆపేశారు. గుంట నిండుతోంది. మనం ముగ్గురం వంగి వంగి ఏరిన చోట్లన్నీ నీళ్ళ కిందికి పోయాయి. మీ అక్క ఉంటే "పోనీలే, వాటి సముద్రం వాటికి తిరిగొచ్చింది" అనేది.

మధ్యాహ్నం కునుకు పట్టినప్పుడు ఇల్లంతా నీళ్ళలో ఉన్నట్టుంటుంది. అరల మీద నుంచి చుట్టరాళ్ళు ఒక్కొక్కటే లేచి, కిటికీలోంచి బయటికి ఈదుకుంటూ పోతాయి. వెనక్కి పోతాయి. బడి మేష్టారు చెప్పాడు కదా, కోట్ల ఏళ్ళ కిందట అవి బతికున్నప్పుడు వెనక్కే ఈదేవని. ఎటు పోతున్నాయో చూసుకోవట. ఎక్కడి నుంచి వచ్చాయో అదే చూస్తూ పోతాయట.

ఒకసారి వచ్చి వెళ్ళు. రాయి తెరుద్దాం.

తొందరేం లేదు. కానీ రా.

బావ


పెయింట్ల కొట్టు మీద గది,
ఉక్కపోతలో

బావా,

నమస్కారం. ఇన్నేళ్ళలో నువ్వు నాతో మాట్లాడిన మాటలన్నీ పోగేసినా ఈ ఒక్క ఉత్తరమంత ఉండవు. నీ పెళ్ళిలో మా వైపు వాళ్ళంతా పెళ్ళికొడుకు మూగవాడేమోనని గుసగుసలాడుకున్నారు, తెలుసా? నన్ను పక్కన కూర్చోబెట్టి గిచ్చి చూడమన్నారు. గిచ్చాను. "ఊ" అన్నావు. హమ్మయ్య, ఒక అక్షరమైనా వచ్చు అనుకున్నాం.

రావాలనే ఉంది. కానీ ఒక బట్టల కొట్టు ఆసామి నన్ను పట్టుకున్నాడు. లోకమంతా కంప్యూటర్ బోర్డులు పెట్టించుకుంటుంటే ఈయనకొక్కడికి చేత్తో రాసిన బోర్డే కావాలట. మనిషంత అక్షరాలు. నిచ్చెన మీద నేను, కింద ఆయన. "గుడి కొంచెం పైకి, కొమ్ము కొంచెం పక్కకి" అంటాడు. ఇంకో వారం ఇలాగే అంటే ఆయనకే కొమ్ములు మొలిపిస్తాను.

ఈ పని అయ్యాక నడుం నొప్పి. నడుం సర్దుకునేసరికి వానలు. వానల్లో బస్సు పడదు నాకు, కడుపులో తిప్పుతుంది. చూద్దాం.

అయినా ఒక్క రాయికి ఇద్దరు ముసలాళ్ళు ఎందుకు? పొయ్యిలో ఎర్రగా కాల్చి చల్లనీళ్ళలో పడెయ్. దానంతట అదే విచ్చుకుంటుందని ఎవరో అన్నారు. లోపల ఏముందో రాస్తే నేను ఇక్కడి నుంచే సంతోషిస్తాను.

అరల మీద బూజు పట్టనివ్వకు. అక్క ఊరుకోదు.

నీ బామ్మర్ది


బట్టీ వెనకాల ఇల్లు,
తొలి వానల్లో

బామ్మర్దికి,

నీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది. చాలా రోజులకి.

సున్నపురాయిని కాల్చి నీళ్ళలో వెయ్యమన్నావు. బట్టీలో నేను చేసిన ఉద్యోగమే అది. బుసబుసమని పొంగి తెల్లటి ముద్ద అవుతుంది. మీ అక్క రాయితో నన్ను గోడలకి సున్నం వేసుకోమంటావా.

వానకి గోడలు చెమ్మగిల్లాయి. రాళ్ళు కూడా. నీకు గుర్తుందా, మీ అక్క పొద్దున్నే వేలు నాలుకకి అద్దుకుని రాయి మీద రాసేది. తడి తగలగానే లోపలి గీతలు పైకి తేలతాయి. ఆకు అంచుల్లాగా, వంకర్లు వంకర్లుగా. ఆరగానే మళ్ళీ దాక్కుంటాయి. "ఎంగిలి రాళ్ళు" అని నువ్వు వెక్కిరించేవాడివి. "చుట్టరాళ్ళురా, మనకి చుట్టాలు. చుట్టాలకి ఎంగిలేంటి" అనేది ఆవిడ. ఇప్పుడు ఆ పని నేను చేస్తున్నాను. రోజుకో అర. నోరంతా మట్టి రుచి. పర్వాలేదు, అలవాటైంది.

వాటి వెనక నువ్వు తెల్లరంగుతో రాసిన అక్షరాలు చెరగలేదు. "వాన వెలిసిన రోజు, క్వారీ పై మెట్టు." "అక్క కాలికి తగిలింది." "బావ వద్దన్నా తెచ్చింది." చదువుతూ కూర్చుంటే పొద్దు తెలియదు. మనం ముగ్గురం పక్క గదిలో మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. లేచి వెళ్తే ఉండం.

కిటికీలో రాయి మాత్రం ఏమీ అనదు. దాని వెనక ఇంకా ఏమీ రాయలేదు కదా.

బోర్డు అయిందా? అయితే రా.

బావ


పెయింట్ల కొట్టు మీద గది,
వాన పడుతూనే ఉంది

బావా,

ఈసారి హాస్యం లేదు. నిలబడి చదువు.

నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి చూశాను. నేను పెద్దగా చదివినవాణ్ణి కాను, కానీ అక్షరాన్ని చూసినవాణ్ణి. మొదటిదాంట్లో సున్నాలు ఎలాగో మూసుకున్నాయి. రెండోదాంట్లో ఒక్కటీ మూసుకోలేదు. తలకట్లు గాల్లో ఎగురుతున్నాయి. వట్రుసుడి చుట్టు తిరగలేక మధ్యలో కూలబడింది. పెన్ను బాగోలేదన్నావు, బల్ల కాలు పొట్టన్నావు. నాకు చెప్పకు ఆ కబుర్లు. బల్ల ఊగితే గీత ఒకలా వంకర పోతుంది, చెయ్యి ఊగితే ఇంకోలా పోతుంది.

నాతో నిచ్చెనలెక్కిన వాళ్ళలో ఇలా రాసినవాళ్ళని చూశాను. పొద్దున బ్రష్ నిలిచేది కాదు. ఒక గుక్క పడ్డాక నిలిచేది. పోను పోను ఆ గుక్క పడ్డా నిలవలేదు. మంచి చేతులు బావా, బంగారం లాంటి చేతులు. అన్నీ సీసాలో పోసుకున్నారు.

తాగుతున్నావు కదూ?

అక్క ఉన్నన్నాళ్ళూ టీ కూడా రెండోసారి అడిగి ఎరగవు. ఇప్పుడు ఆ గుండ్రాయిని ఎదురుగా పెట్టుకుని తాగుతున్నావా? ఇల్లంతా నీళ్ళలో ఉందని, రాళ్ళు లేచి ఈదుతున్నాయని రాశావు. చదివినప్పుడు ఎంత బాగుందో అనుకున్నాను. ఇప్పుడు ఆ నీళ్ళేవో అర్థమైంది.

వయసులో పెద్దవాడివి, అక్క మొగుడివి. అందుకని పళ్ళు కొరుక్కుని ఊరుకుంటున్నాను. లేదంటే ఈ ఉత్తరానికి రెండు చేతులు మొలిచి నీ చెంప వాయించేవి.

నిజం రాయి.

నీ బామ్మర్ది


బట్టీ వెనకాల ఇల్లు,
వానలు వెనకబట్టాక

బామ్మర్దికి,

నేను తాగను.

నీ ఉత్తరం చదివి చాలా రోజులు జవాబు రాయబుద్ధి కాలేదు.

రాయి నేనొక్కణ్ణే తెరుద్దామని కూర్చున్నాను. దెబ్బ పక్కకి పోయింది. ఒక అంచు చిట్లింది. మళ్ళీ కిటికీలో పెట్టేశాను.

ఇక నిన్ను రమ్మనను.

బావ


పెయింట్ల కొట్టు మీద గది,
ఉత్తరం అందిన పూటే

బావా,

నా నోటిని టర్పెంటైన్ పోసి కడగాలి. కడిగాననుకో. ఇప్పుడు విను.

అంచు చిట్లిందన్న దగ్గర ఆగిపోయాను. నువ్వు కొట్టిన దెబ్బ పక్కకి పోవడమా? రాయిని నేను పట్టుకునేవాణ్ణి, నాకు తెలియదా? నా వేళ్ళకి బెత్తెడు దూరంలో నీ సుత్తి పడేది. నేను అటు చూసేవాణ్ణే కాదు, అక్కతో కబుర్లు చెప్పేవాణ్ణి. ఒక్కసారి కూడా చెయ్యి వెనక్కి లాక్కోలేదు. అంత నమ్మకం. పెళ్ళయిన కొత్తలో అక్కని అడిగాను, ఈ మాట రాని మనిషితో ఎలా వేగుతున్నావే అని. "ఆయన సుత్తి చూడు, ఎంత మెల్లగా మాట్లాడుతుందో" అంది.

ఆ సుత్తి గురి తప్పింది. నువ్వు తాగవు. అయితే ఇంకొకటే మిగిలింది, అది నేను మొదటే అనుకోవాల్సింది. ఎదుటివాడి చెయ్యి వణికితే మా పనిలో ముందు సీసా వైపే చూస్తాం. ఆ పాడు అలవాటుతో నీ వైపు కూడా చూశాను. నువ్వు ఎవరివో మరిచిపోయి చూశాను.

చెయ్యి కదూ బావా? ఎన్నాళ్ళ నుంచి?

కోపం ఉంటే తిట్టు. నీకు తిట్లు రావు కాబట్టి వరసగా నాలుగు "ఊ"లు రాయి, తిట్టావనుకుంటాను. కానీ రాయి. అప్పటిదాకా ఆ గుండ్రాయి జోలికి వెళ్ళకు.

నీ బామ్మర్ది


బట్టీ వెనకాల ఇల్లు,
మంచు పడే రోజుల్లో

బామ్మర్దికి,

ఊ.

ఒకటి చాలు. నాకు కోపం ఎక్కువసేపు నిలవదు.

చెయ్యే. కుడి చెయ్యి. చిటికెన వేలితో మొదలైంది. మీ అక్క ఉన్నప్పుడే. నేను ఆవిడకి చెప్పలేదు. ఆవిడ చూసింది. చూశానని ఆవిడా చెప్పలేదు. టీ గ్లాసు నిండా పోసేది, సగానికి పొయ్యడం మొదలుపెట్టింది. అలా ఇద్దరం ఊరుకున్నాం.

డాక్టరు చూశాడు. నెమ్మదస్తుడు. మందిచ్చాడు. ఇది తగ్గేది కాదు, మెల్లగా పెరుగుతుంది అన్నాడు. ఎంత మెల్లగా అని అడిగాను. చెప్పలేం అన్నాడు. చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టంగా ఉంది. నీకు రాయడానికి ఒక పూట పడుతోంది. వచ్చే వానలకి రాయగలనో లేదో.

అందుకే రమ్మన్నాను. సుత్తి పట్టే చెయ్యి ఉండగా తెరుద్దామని. ఆ చెయ్యి ఇప్పటికే లేదని అంచు చిట్లాక తెలిసింది. నేను కొట్టినవాటిలో అదొక్కటే వంకరగా పోయింది. మీ అక్క రాయే దొరికింది దానికి.

చిట్లిన చోట లోపల ఏదో మెరుస్తోంది. గోరంత. పొద్దుటి ఎండ పడినప్పుడు మాత్రమే కనిపిస్తుంది. నేను సరిగ్గా చూడలేదు. ముందు చూసేది నేను కాదు కదా. అటు పక్కకి గుడ్డ కప్పాను.

నా కోసం రాకు. జాలిపడి వస్తే నాకు సిగ్గేస్తుంది. రాయి కోసం రా.

బావ


పెయింట్ల కొట్టు మీద గది,
సంచి సర్దుకుంటూ

బావా,

నువ్వు నిజం రాశావు కాబట్టి నేనూ రాస్తాను.

బోర్డు లేదు. ఆ బట్టల కొట్టాయన ఎప్పుడో కంప్యూటర్ బోర్డు పెట్టించుకున్నాడు. నడుం బాగానే ఉంది. బస్సు నాకు పడకపోవడమనేది ఎప్పుడూ లేదు.

నీ మొదటి ఉత్తరం రాగానే బయల్దేరాను. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. కండక్టరు టికెట్ అడిగేలోపు దిగిపోయాను. తర్వాతా అంతే. ఇప్పుడు ఆ కండక్టరు నన్ను చూస్తే "ఏం పెద్దాయనా, ఇవాళ ఎక్కి దిగుతావా, దిగి ఎక్కుతావా?" అంటున్నాడు.

ఎందుకో చెప్తాను, నవ్వకు. ఆ రాయి మూసుకుని ఉన్నంతకాలం అక్కకి ఇంట్లో ఒక పని మిగిలి ఉంది. ముందు చూడాల్సిన పని. పని మధ్యలో వదిలేసి వెళ్ళే మనిషి కాదు అది. నన్ను ఎత్తుకుని పెంచిన చెయ్యి, అన్నం కలిపి పెడుతూ మధ్యలో లేచిపోలేదు ఎప్పుడూ. రాయి తెరిస్తే ఆ పని అయిపోతుంది. చెయ్యి కడుక్కుని వెళ్ళిపోతుందేమో అనిపించింది. నేను రాకపోతే అది తెరుచుకోదు. తెరుచుకోకపోతే అక్క ఉంటుంది. నా లెక్క ఇంతే.

నీ చెయ్యి అలా ఆగి ఉండదని నా లెక్కలో లేదు.

ఈసారి టికెట్ చేతికొచ్చేదాకా కళ్ళు మూసుకుని కూర్చుంటాను. సుత్తి తుడిచి పెట్టు. కొట్టడం నాకు రాదు, నువ్వు చెప్పాలి. నోరు తెరిచి చెప్పాలి. తప్పదు.

నీ బామ్మర్ది


పెయింట్ల కొట్టు మీద గది,
తిరిగొచ్చిన మర్నాడు

బావా,

నువ్వు దొంగవి. అది తర్వాత చెప్తాను.

ఆ మధ్యాహ్నం నా కళ్ళ ముందు నుంచి పోవట్లేదు. కలో నిజమో నువ్వే చెప్పు. ఇసుక పోసిన తట్టలో గుండ్రాయి. నువ్వు రెండు చేతులతో పట్టుకున్నావు. నేను సుత్తి ఎత్తాను. "కొట్టకు. తట్టు" అన్నావు. రాయి నడుం చుట్టూ తిప్పుతూ తట్టమన్నావు. తలుపు తట్టినట్టు తట్టమన్నావు. నేను రాయిని చూడలేదు బావా, నీ చేతుల్ని చూశాను. రాయి పట్టుకోగానే వణుకు ఆగింది. ఆగిందో, రాయిలోకి పోయిందో.

ఠంగు ఠంగుమంటున్న చప్పుడు ఉన్నట్టుండి మెత్తబడింది. నువ్వు "చాలు" అన్నావు. రాయి ఊపిరి వదిలినట్టు విచ్చుకుంది. నేను తల వంచి చూడబోతే నువ్వు ఠక్కున మూసేశావు. "ముందు ఆవిడ" అన్నావు.

చూడకుండానే రెండు ముక్కలూ పుస్తకంలా విప్పి, లోపలి వైపులు ఎండకి ఉండేలా కిటికీలో పెట్టి, మనం వంటింట్లోకి వచ్చేశాం. గోడకేసి తిరిగి టీ తాగాం. ఇద్దరు ముసలాళ్ళు గోడని చూస్తూ టీ తాగడం ఎవరైనా చూస్తే ఏమనుకునేవాళ్ళో! వెనక గదిలోంచి తడి రాళ్ళ వాసన వచ్చింది. వాన అనుకున్నాను. బయట ఎండ కాస్తోంది. నువ్వు కూడా గ్లాసు దించి ఆగావు.

గ్లాసులు కడిగాక వెళ్ళి చూశాం. సాసరంత చుట్ట. ముత్యంలా తళతళ. ఇన్ని కోట్ల ఏళ్ళ తర్వాత, ఇప్పుడే నీళ్ళలోంచి తీసినట్టు. ఇంకో సగంలో దాని అచ్చు, గీతకి గీత. అక్క వెళ్ళిపోతుందని భయపడ్డాను కదా. తీరా చూస్తే భయం లేదు. ఏడుపొచ్చింది, అది వేరే.

ఇక నీ దొంగతనం. అచ్చు సగం నేను తెచ్చుకుంటాను, చుట్ట ఉన్న బొమ్మ సగం కిటికీలోనే ఉంటుంది అనుకున్నాం. నువ్వు "ఊ" అన్నావు. నీ "ఊ"ని నమ్మడం నా బుద్ధితక్కువ. ఇక్కడ మెట్లెక్కి సంచి విప్పితే నీ పాత తువ్వాలు, అందులో బొమ్మ. నేను స్నానానికి వెళ్ళినప్పుడే మార్చావు కదూ?

అది అక్క కిటికీలోది. నీ దగ్గర ఉండాల్సింది. ఎందుకిలా చేశావు?

నీ బామ్మర్ది


బట్టీ వెనకాల ఇల్లు,
మళ్ళీ ఎండలు మొదలు

బామ్మర్దికి,

మార్చాను. నువ్వు స్నానంలో పాట ఎత్తుకున్నావు. అది చాలాసేపు సాగుతుందని తెలుసు.

బొమ్మ నీ దగ్గరే ఉండనీ. నిన్ను పెంచిన మనిషి నిద్రలేపింది అది. నీ గదిలో ఉన్నవన్నీ రంగు డబ్బాలే. మెరిసేది ఒకటి ఉండాలి.

నా సగంలో అది లేదు. అది పడుకున్న చోటు ఉంది. నాకు ఆ చోటే కావాలి. అలాంటి చోటుతో ఉండటం నాకు అలవాటే. మంచం మీద ఆవిడ వైపు ఇప్పటికీ నేను దొర్లను.

పొద్దున్నే వేలు తడిచేసి ఆ గాడిలో పెడతాను. బయట అంచు దగ్గర మొదలుపెట్టి లోపలికి తిప్పుతాను. మొదట్లో చెయ్యి వణుకుతుంది. గాడి వదలదు. రెండు వైపులా పట్టుకుని అదే దారి తీసుకుపోతుంది. నడిమికి చేరేసరికి వేలు కుదురుగా ఉంటుంది. తియ్యగానే మళ్ళీ వణుకుతుంది. అయినా ఆ కాసేపు నాది. మీ అక్క చెయ్యి పట్టుకుని రాయించినట్టుంటుంది. వెంటనే ఈ ఉత్తరం రాస్తున్నాను, చూడు. సున్నాలు కొన్ని మూసుకున్నాయి.

క్వారీ నిండింది. నీళ్ళు నీలంగా, అడుగు కనపడకుండా ఉన్నాయి. గట్టున కూర్చుంటే కింద చుట్టరాళ్ళన్నీ లేచి తిరుగుతున్నట్టుంటుంది. నువ్వు వెళ్ళిన రోజు బస్సు వెనక అద్దంలోంచి నన్నే చూస్తూ వెళ్ళావు. మలుపు తిరిగేదాకా. అవి ఈదినట్టే వెళ్ళావు.

ఒక పని మరిచిపోయావు. రాయి వెనక ఏమీ రాయలేదు. నీ సగం మీద నువ్వు ఏం రాసుకుంటావో నీ ఇష్టం. నా సగం వెనక ఏం రాయాలో నాకు తెలుసు. ఉత్తరంలో చెప్పను. నువ్వు తెల్లరంగు, సన్న బ్రష్ తీసుకుని వచ్చినప్పుడు చెప్తాను. నోరు తెరిచే చెప్తాను.

ఈలోగా ఉత్తరం రాయి. అక్షరాలు పెద్దవిగా రాయి, బోర్డు మీద రాసినట్టు. కాగితం నిండా నాలుగు మాటలున్నా చాలు. వాటి మీద కూడా వేలు తిప్పుకుంటాను. ఎక్కువ రోజులు ఆగకు, బామ్మర్దీ. త్వరగా రాయి.

బావ